తగ్గిందన్నారు కదండీ

మా అత్తయ్య పోయింది. కాలి పుండుతో పోయిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. అది సగం మాట. చీలమండ మీద లేచిన పుండు దానంతటది మనిషిని చంపదు. దానికి కట్టు కట్టాల్సిన గదికి తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదని నెలల తరబడి చెబుతూ, ఒకటో తారీఖుకి మాత్రం జీతం తీసుకున్నవాళ్ళు చంపారు. మా ఊరి ఆసుపత్రి వైద్యాధికారి చంపారు. అంతా సవ్యంగా ఉందని ఆయన చెబితే, ఔను సవ్యంగానే ఉందని తలూపిన పై అధికారులు చంపారు. పోయినవాళ్ళ గురించి రాస్తూ ఇలా మొదలుపెట్టకూడదని మా అమ్మ అంది. "నలుగురూ చదువుతారు, కాస్త మర్యాదగా రాయరా" అంది. ఆ మర్యాద సంగతే నేను రాయబోయేది.

అత్తయ్య మా నాన్నకి అక్క. మాది కొత్తపేట అవతల ఒక పల్లె. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే, పిల్లలు లేని ఆవిడ కువైట్ వెళ్ళి ఎవరింట్లోనో వంట చేసింది. ఆ వంటింట్లో కూర్చోవడానికి పీట కూడా ఉండేది కాదట. వయసంతా ఆ పొయ్యి ముందు నిలబడి, తిరిగొచ్చేసరికి పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బిపోయాయి. మా ఇంటి పక్కనే రెండు గదులు వేసుకుని ఉండేది. నన్ను పెంచిన చేతుల్లో మా అమ్మవి సగమైతే ఆవిడవి సగం. నేను గోడకి ఆనుకుని నిలబడి తింటుంటే ఊరుకునేది కాదు. "కూర్చుని తినరా. నిలబడ్డం ఎంత చెడ్డదో నన్నడుగు" అనేది. వడ్డించేటప్పుడు ఆవిడకి కువైట్ పూనేది. "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ రెండో గరిటె వేసేసేది.

బస్టాండులో, సంతలో ఎవరు ఏ కరపత్రం ఇచ్చినా మడిచి జేబులో పెట్టుకుని తెచ్చుకోవడం నాకు అలవాటు. వైద్యం ప్రజల హక్కు అని ఉన్నవన్నీ ఆవిడకి గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ చింతపండు గింజలు తీసుకుంటూ ఓపిగ్గా వినేది. అంతా విన్నాక, "బాగుందిరా. ఇంకాస్త మెత్తటి కాగితం మీద అచ్చేయమను, కాలికి చుట్టుకుంటాను" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడనిపిస్తోంది, ఆ కరపత్రాలన్నిటి మీదా వచ్చిన విమర్శల్లో అదే గట్టిదని.

పుండు మొదలైంది ఒక ఎండు కొబ్బరిమట్ట గీరుకుని. పెరట్లో మట్టలు లాగుతుంటే చీలమండ పైన, లోపలివైపు చిన్న గీత పడింది. పసుపు అద్దింది. గీత మచ్చయింది, మచ్చ చిల్లయింది, చిల్లు అరచేయంతయింది. ఊళ్ళో మందులిచ్చే ఆయన పైన పొడి చల్లి, సూది పొడిచి, వంకాయ తినద్దని చెప్పి పంపాడు. వంకాయ మానేసింది. పుండు మానలేదు.

అప్పుడు టౌనుకి తీసుకెళ్ళాం. పెద్దాసుపత్రిలో ఒక ఆడ సర్జన్ గారు నేల మీద గొంతుక్కూర్చుని, ఆ కాలు తన మోకాలి మీద పెట్టుకుని చూశారు. డాక్టరు నేల మీద కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నరాల్లో రక్తం పైకెక్కక కిందే నిలిచిపోతోందని, పైపూతలతో లాభం లేదని చెప్పారు. కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా సాగే కట్టు బిగించి చుట్టాలి. వారానికి రెండుసార్లు విప్పి, కడిగి, మళ్ళీ చుట్టాలి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. "నెమ్మదిగానే మానుతుంది, కానీ మానుతుంది. కట్టు మాత్రం ఆపకండి. ఆపితే చీము పట్టి కాలు తీసేదాకా వస్తుంది" అన్నారు. కట్టు మీ ఊరి ఆసుపత్రిలోనే కడతారని కూడా చెప్పారు. పాపం, ఆవిడ నమ్మి చెప్పారు.

బస్సులో వస్తూ అత్తయ్య ఒకటే మాట అంది. "డబ్బడిగితే ఇద్దాం, రక్తమడిగితే ఇద్దాం. కాలు మాత్రం ఇవ్వనర్రా." ఆ రోజు నుంచి ఆవిడకి ఉన్న కోరిక అదొక్కటే.

మొదట్లో అంతా బాగానే జరిగింది. మా ఊరి ఆసుపత్రిలో అప్పుడొక నర్సమ్మగారు ఉండేవారు. బిగువు తెలిసిన చెయ్యి. అత్తయ్య మంగళవారం, శుక్రవారం తలంటుకున్నట్టు తయారై వెళ్ళి కట్టించుకుని వచ్చేది. ఇంటికి రాగానే బోర్లించిన గంగాళం మీద పాత బొంత వేసి, దాని మీద కాలు పెట్టుకుని మహారాణిలా పడుకునేది. కట్టు విప్పినప్పుడల్లా నన్ను పిలిచి చూపించేది. పుండు అంచున లేతగులాబీ రంగు చర్మం కనబడేది. "చూడరా, చిగురేస్తోంది!" అనేది. పుండు సగానికి సగం పూడుకుంది. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. మానే పుండే అది.

చేతకాని చోట చేతనైనవాళ్ళు నిలవరు. ఆ నర్సమ్మగారిని డెప్యుటేషన్ మీద ఎక్కడికో పంపేశారు. డ్రెస్సింగు గదికి తాళం పడింది. మేం వెళ్ళి అడిగితే అక్కడి అటెండరు ఎంత మర్యాదగా చెప్పాడని! "తాళంచెవి నర్సమ్మగారితో వెళ్ళిపోయిందండి. రేపొకసారి రండి." మర్నాడు వెళితే, "కట్టు గుడ్డలు రాలేదండి, ఇండెంటు పెట్టేరండి." ఆ పై వారం, "డాక్టరుగారు మీటింగుకెళ్ళేరండి." ఆ మీటింగులు ఎక్కడ జరుగుతాయో మా ఊరందరికీ తెలుసు. టౌన్లో డాక్టరుగారి సొంత బోర్డు కింద జరుగుతాయి. తాళం పగలగొడతానని నేను లేస్తే అత్తయ్య నా చొక్కా పట్టుకుని లాగింది. "దేవుడితో, డాక్టరుతో తగువేంట్రా? రేపు ఆ చేతి కిందకే కదా పోవాలి."

ఇంకెవరి దగ్గరా ఆవిడ నోరు అలా మూతపడేది కాదు. ఒక నాయకుడి పుట్టినరోజని ఆసుపత్రిలో రొట్టెలు, అరటిపళ్ళు పంచారు. వెనక ఇద్దరు ఫోనులు పట్టుకుని ఫోటోలు తీస్తున్నారు. వరండాలో తాళం ముందు కూర్చున్న అత్తయ్య చేతిలో నాయకుడుగారు రొట్టె పెట్టి, "నవ్వండి మామ్మగారూ" అన్నారు.

అత్తయ్య రొట్టె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది తినేదాండీ బాబూ, కాలికి కట్టుకునేదాండీ? మెత్తగానే ఉంది మరి."

వరండా అంతా ఘొల్లుమంది. నాయకుడుగారూ నవ్వేశారు. సరిగ్గా ఆ నవ్వుల మీదే ఫోటో పడింది. సాయంత్రానికి ఊళ్ళో అందరి ఫోనుల్లోకీ వచ్చింది: మా ఆసుపత్రిలో సేవలకి రోగుల ఆనందం. సిగ్గులేని వాళ్ళని ఎగతాళి చేసి లాభం లేదని నాకు అప్పుడే అర్థమైంది. మన ఎగతాళిని కూడా వాళ్ళు దండలా మెడలో వేసుకుంటారు.

కట్టు లేక పుండు మళ్ళీ విచ్చుకుంది. అత్తయ్య పాత నేతచీరలు చింపి చుట్టుకునేది. వాటిని ఉడకబెట్టి, ఎవరి కంటా పడకుండా పెరటి గోడ వెనక ఆరేసేది. వాసన మొదలైంది. ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే ముందే సాంబ్రాణి వేసేది. "పుండూ నువ్వూ ఒకటేరా. ఇద్దరికీ కోపమే. కెలికితే ఊరుకోరు, వదిలేస్తే ఊరుకోరు" అని నన్ను చూసి నవ్వేది. నవ్వుతూనే కాలు కదపకుండా జాగ్రత్తపడేది.

ఆఖరికి ఒకరోజు డాక్టరుగారు కుర్చీలో దొరికారు. టౌనుకి పంపిస్తూ ఒక చీటీ రాసిస్తే అక్కడ చేర్చుకుంటారని మేం వెళ్ళాం. ఆయన వేరే ప్రాంతం మనిషి. ఫోను చూసుకుంటూనే అడిగారు.

"ఏమ్మా, తగ్గిందా?"

అత్తయ్య చేతులు కట్టుకుంది. "ఆయ్."

మన ఆయ్ సంగతి మనకి తెలుసు. గోదారి ఇవతల పుట్టినవాడు ఎవడూ దాన్ని ఔననే అర్థంలో తీసుకోడు. విన్నానండి, చిత్తమండి, మీరు పెద్దలండి, కానివ్వండి అని దానర్థం. అవతలివాళ్ళు అడిగింది పూర్తయిందని చెప్పడానికి మనం చేసే చప్పుడది. అసలు జవాబు దాని తర్వాత, రెండో మాటగా వస్తుంది. ఆ రెండో మాట దాకా ఆగే తీరిక ఆయనకి లేదు. తగ్గిందని రాసేసుకున్నారు.

"తగ్గలేదండీ! ఒక్కసారి విప్పి చూడండి" అని నేను అరిచాను.

ఆయన అత్తయ్య వంకే చూసి, "ఏమ్మా, తగ్గలేదా?" అన్నారు.

"ఆయ్" అంది అత్తయ్య.

"తగ్గిందంటుంది, తగ్గలేదంటుంది. ముందు మీరూ మీరూ తేల్చుకుని రండి" అని నవ్వి, ఆయన బల్ల మీద గంట కొట్టారు. మా వెనకాల మనిషి లోపలికొచ్చాడు. కట్టు విప్పి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఆయన ఫోను పక్కన పెట్టినంతసేపు. ఆ మాత్రం వంగలేని నడుముకి తెల్లకోటు ఎందుకు?

బయటికొచ్చాక అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "తగ్గలేదని ఒక్క ముక్క చెప్పలేవా?" అన్నాను. ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ, "చెప్పబోయేనురా. అంతలో గంట కొట్టేరు. పెద్దాయన మాటకి అడ్డెలా వెళ్తాం?" అంది. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి వారం వారం ఫోను వచ్చేది. "మామ్మగారూ, కాలు తగ్గుతుందాండీ?" ఈవిడ మొదటి మాట మామూలే. రెండో మాటకి ఫోను పెట్టేసేవారు. పాపం, వాళ్ళకి ఇంకా చాలామందిని తగ్గించాల్సిన పని ఉంటుంది కదా!

ఒక శనివారం మధ్యాహ్నం వణుకుతో జ్వరం వచ్చింది. కాలు తొడ దాకా ఎర్రబడింది. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరుగారు లేరు. అంబులెన్సుకి ఫోను చేస్తే, బండి వేరే కేసు మీద ఉందన్నారు. ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. అత్తయ్య తల మా అమ్మ ఒళ్ళో, కాలు నా ఒళ్ళో. ఆటో అబ్బాయి తల తిప్పి, "మెల్లగా పొమ్మంటారాండీ, గట్టిగా పొమ్మంటారాండీ?" అని అడిగాడు. గట్టిగా పోతే గోతులు, మెల్లగా పోతే ప్రాణం. ఏ రోడ్డు మీద వెళ్ళామో దాని మీద తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

పలివెల దాటాక అమ్మ అడిగింది. "వదినా, ఎలా ఉంది?"

"నొప్పెడుతోందే. బాగా నొప్పెడుతోంది."

అన్ని నెలల్లో ఆ మాట ఆవిడ నోట మేం వినడం అదే మొదటిసారి. కట్టు కట్టలేని వాళ్ళం, మందివ్వలేని వాళ్ళం, ఆటో అబ్బాయితో కలిపి మేం ముగ్గురం విన్నాం. వినాల్సినవాళ్ళు ఎవరూ అక్కడ లేరు. టౌనుకి చేరేసరికి ఆవిడ మాట్లాడ్డం మానేసింది. విషం రక్తంలోకి ఎక్కిందని అక్కడ చెప్పారు. కాలు తీద్దామన్నా సమయం లేదన్నారు. ఆవిడ పంతం నెగ్గింది. కాలు ఇవ్వలేదు.

పరామర్శకి ఆసుపత్రి నుంచి ఇద్దరొచ్చారు. రాకపోయినా బాగుండేది. అరుగు మీద కూర్చుని కాఫీ తాగారు. "ఎంత మంచివారండీ! ఇన్నిసార్లొచ్చేరు, ఎప్పుడూ ఒక్క మాట అన్లేదండీ" అన్నారు. గది తాళం సంగతేంటని నేను అడిగాను. వాళ్ళలో ఒకాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మరి తగ్గిందన్నారు కదండీ ఆవిడే" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఉంటే భరించేవాణ్ణి. మనం మర్యాదకి తల వంచితే, ఆ వంచిన తల మీద కాలు పెట్టి నడవడం వీళ్ళకి ఇంత మామూలైపోయింది.

ఇంతవరకూ చదివి "అయ్యో" అనుకుంటున్న పెద్దలకి ఒక మాట. మీ అయ్యోలు నాకొద్దు. మన మర్యాదని పొరుగు జిల్లాలవాళ్ళు మెచ్చుకుంటే మురిసిపోయేది మీరే. మన ఊళ్ళో ఇంకా పుళ్ళున్నాయి. రొయ్యల చెరువులో గవ్వ కోసుకుని మానని కాలుంది, సుగరుతో నల్లబడుతున్న బొటనవేలుంది. అవి ఎవరివో పేర్లు నేను రాయను, మీకు తెలుసు. వాళ్ళంతా కూడా ఫోనులో తగ్గుతున్నారు.

వచ్చే సోమవారం అత్తయ్య పెద్దకార్యం. భోజనాలు మధ్యాహ్నం మా ఇంటి దగ్గర. గారెలుంటాయి, పనసపొట్టు కూర ఉంటుంది. పిలవకపోయినా వస్తారు, రండి. కానీ అంతకుముందు, ఉదయం తొమ్మిదింటికి, అందరూ ఆసుపత్రి వరండాకి రండి. తొమ్మిదింటికి రానివాళ్ళు భోజనానికీ రావద్దని రాయబోయాను, అమ్మ రాయనివ్వలేదు. కాబట్టి ఆ సంగతి మీ ఆకలికే వదిలేస్తున్నాను. డ్రెస్సింగు గది తలుపు తీయాలి, కట్టు కట్టే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాలి, అది జరిగేదాకా లేవం. పుండున్నవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి. డాక్టరుగారు వచ్చేసరికి ఎలాగూ పదకొండవుతుంది. అప్పటిదాకా కట్లు విప్పేసి, కాళ్ళు బారచాపి కూర్చుందాం. గుమ్మం నుంచి ఆయన కుర్చీ దాకా నేల కనబడకూడదు. ఎక్కడ అడుగేయాలో తెలియాలంటే ఆయన తల వంచి కిందకి చూడాలి.