మంచి ఎదురు కోసం మూడు రోజులు

మా ఆడపడుచు అచ్చాయమ్మ వదినగారు పెద్దాపురంలో గడప దాటాలంటే ముందు వీధిలో ఎవరు ఎదురొస్తున్నారో చూసుకోవాలి. నిండుబిందె వస్తే నడక, ఆవు వస్తే పరుగు. కట్టెలమోపు వచ్చిందా, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలు. ఆవిడ భర్త చంద్రరావు అన్నయ్యగారు కుర్రతనంలో కాకినాడకి ఇంటర్వ్యూకని బయల్దేరి మూడుసార్లు మంచినీళ్ళు తాగారు. అక్కడికి చేరేసరికి ఆఫీసుకి తాళం వేస్తున్నారు. ఆ తర్వాత ఇంటి పక్క రైసుమిల్లులోనే ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. "మంచిదేనమ్మా, గోడ దూకితే మిల్లు. ఎదురొచ్చేవాళ్ళే లేరు" అంటారాయన.

మా ఆయన ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. రంపచోడవరం అవతల కొండల్లో అడవి కాపలాకి పదకొండేళ్ళు వాచరుగా పనిచేశారు. అక్కడ కొండకొమ్మున ఒక టవరు ఉంది. "అక్కా, ఒక్కసారి వచ్చి పైనుంచి చూడవే" అని వచ్చినప్పుడల్లా బతిమాలేవారు. ఆవిడా బయల్దేరేవారు. ఒకసారి పిల్లి, ఒకసారి తుమ్ము, ఒకసారి మంగళవారం. ఇలా ఉండగానే రెండువేల ఎనిమిది వేసవిలో ఆయన వెళ్ళిపోయారు. ఆ ప్రయాణానికి ఎవరూ ఎదురు చూసుకోలేదు.

సంవత్సరీకం అయ్యాక చలికాలంలో వదినగారు పట్టుబట్టారు. "వాడు చూడమన్న చోటు చూడకుండా పోతే పైన వాడికేం చెప్పనే? ఇంకో ఏడాదికి ఈ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవని డాక్టరు తేల్చేశాడు." వాళ్ళబ్బాయి ఉదయభాస్కర్ కొండ కింద ఉన్న రిసార్టులో మూడు రోజులకి వాళ్ళిద్దరికొకటి, నాకొకటి, రెండు గదులు మాట్లాడాడు. వదినగారు క్యాలెండరు కాగితం వెనక ప్లాను రాశారు. మొదటిరోజు టవరు, రెండోరోజు జలపాతం, మూడోరోజు పిట్టలు. పొద్దున వెళ్ళడం, సాయంత్రానికి గదికి రావడం.

రిసార్టు జీపు డ్రైవరు పోతురాజు ఆ కాగితం చూసి ఒక్కటే చెప్పాడు. "నేషనల్ పార్కు అయ్యాక రూల్సు మారాయండి. పొద్దున్న తొమ్మిది దాటితే గేటు తియ్యరండి."

"తొమ్మిదికి మేం తిన్న టిఫిను కూడా అరిగిపోద్దిలే" అన్నారు వదినగారు.

మొదటిరోజు ఏడింటికే పులిహోర డబ్బాలతో సహా జీపెక్కారు. పోతురాజు తాళం తిప్పాడు. కొండచలికి అన్నయ్యగారు తుమ్మారు.

"ఆపు!" అన్నారు వదినగారు. "ఒంటితుమ్ము. ఇంకోటి తుమ్మండి."

"రావట్లేదే."

"ఇప్పుడెలా వచ్చిందండీ మరి?"

పాపం ఆయన తువ్వాలు కొస పేని ముక్కులో పెట్టుకున్నారు. రెండోది వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకునేలోపు మూడోది వచ్చేసింది. నాలుగోదాని కోసం అరగంట. తువ్వాలు పనిచెయ్యక వంటగదిలోంచి మిరియాల పొడి తెప్పించారు. దాంతో ఒకేసారి ఐదు వచ్చాయి. ఎనిమిదని అన్నయ్యగారు, ఏడని వదినగారు. పోతురాజుని అడిగితే "నేను రెండో క్లాసేనండి, అన్ని లెక్కపెట్టలేనండి" అన్నాడు. ఆ లెక్క తేల్చుకుని గేటు దగ్గరికి వెళ్ళేసరికి తొమ్మిదీ పది. కాపలా మనిషి గొలుసు మీద చెయ్యి వేసుకుని నవ్వాడు.

రెండోరోజు వదినగారు ముందుజాగ్రత్త పడ్డారు. జలపాతం కొట్టేసి దాని మీద టవరు రాశారు. రిసార్టులో నీళ్ళు మోసే చిట్టెమ్మని నిండుబిందెతో మలుపులోంచి ఎదురు రమ్మని పురమాయించారు. చిట్టెమ్మ బొట్టు పెట్టుకుని చక్కగానే వచ్చింది. కానీ ఆవిడ వెనకాలే రిసార్టు పొయ్యిలోకి కట్టెలమోపులు వరసగా దిగాయి. కాళ్ళు కడుక్కోవడం, కూర్చోవడం, మంచినీళ్ళు. మళ్ళీ చిట్టెమ్మ. మళ్ళీ ఇంకో మోపు. మూడోసారి చిట్టెమ్మ బిందె దించేసింది. "అమ్మగారూ, నేను నీళ్ళు మొయ్యడానికొచ్చానండి, ఊరేగడానిక్కాదండి." ఆ రోజూ గేటు వేసేశారు.

ఈ రెండు రోజులూ నేను గదిలో తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. జీపు రిసార్టు దాటాక పక్కదారిన వెళ్ళి మలుపులో ఎక్కేదాన్ని. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. మొగుడు పోయినది ఎదురు రాకూడదని మా వైపు ఎవరికి తెలియదు?

మూడోరోజు వదినగారు పిట్టలు కూడా కొట్టేసి టవరు రాశారు. రాత్రికి గదులు ఖాళీ చెయ్యాలి. తెల్లారేసరికి బయట జీపు చప్పుడైంది. దూరమైంది. వెళ్ళిపోయారు కదా అని ఖాళీ బకెట్టు కుళాయి దగ్గర పెడదామని తలుపు తీసుకుని బయటికొచ్చాను. పోతురాజు జీపుని వెనక్కి తిప్పుకుని తిన్నగా నా మీదికే వస్తున్నాడు. అన్నయ్యగారు తువ్వాలు మరిచిపోయారట.

నేనూ, ఖాళీ బకెట్టూ, ఎదురుగా.

పోతురాజు రెండు రోజుల అలవాటు కొద్దీ ఇంజను ఆపేశాడు. అన్నయ్యగారు దిగి చెప్పులు విడవబోయారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. వదినగారు నన్నూ బకెట్టునూ చూశారు. నేను తల దించుకుని పక్కకి తప్పుకోబోయాను.

"ఇంజను ఎందుకాపావురా?"

"ఎదురొచ్చారు కదండి..."

"ఎవరొచ్చారు? మా తమ్ముడి పెళ్ళాం వచ్చింది. వాడి దగ్గరికి వెళ్తుంటే దీనికంటే మంచి ఎదురు ఎవరు రావాలి? లోవా, ఆ బకెట్టు అక్కడ పడేసి ఎక్కవే. మీరెందుకు దిగారండీ? ఎక్కండి!"

"మరి తువ్వాలు?"

"చొక్కాకి తుడుచుకోండి!"

మేం వెళ్ళేసరికి గేటు కాపలా మనిషి ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు.

టవరుకి నలభై రెండు మెట్లు. వదినగారు ఒక్కో మెట్టుకీ తమ్ముణ్ణి తిట్టుకుంటూ ఎక్కారు. పైకి చేరితే అంతా తెల్లగా మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు.

"ఇదేంటే? ఇది చూడ్డానికా పదకొండేళ్ళు పిలిచాడు?"

"కాసేపటికి మంచు విడిపోతుందట వదినా, ఆయన చెప్పేవారు. కూర్చోవాలట."

"వాడేం చేసేవాడే ఇక్కడ?"

"కూర్చునేవారట."

"ఊరికేనా?"

"ఊరికేనట."

సిమెంటు గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాం. మేమిద్దరం ఇలా కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోవడం అదే మొదలు. ఎంతసేపయిందో తెలియదు. మంచు ఒకవైపు నుంచి చీర కుచ్చెళ్ళలా జారింది. కొండ వెనక కొండ, వాటి అడుగున గోదారి సన్నగా మెరుస్తూ. వదినగారు లేచి కమ్మీ పట్టుకున్నారు.

"చూశాన్రా" అన్నారు గాలిలోకి. "బాగుంది. ఆలస్యమైంది గానీ బాగుంది."

కొంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగారు. "పులిహోర తియ్యవే. వాడు ఆకలికి ఆగేవాడు కాదు."