నీళ్లంటే భయం ఎవరికి?

మొన్న మా బిడ్డ చదివే సైనిక అకాడమీలో తల్లిదండ్రులను పిలిచి ఈత, ఆటల భవనం చూపించారు. అద్దాల తలుపు తీయగానే మొహానికి కొట్టిన క్లోరిన్ వాసనకు కళ్లు మండాయి. ఆ తర్వాత ఈత నేర్పే ఉస్తాదు మైకు పట్టుకొని హిందీలో చెప్పిన మాటకు ఒళ్లే మండింది. ఆడపిల్లలకు పుట్టుకతోనే నీళ్లంటే భయమట, ఆ భయం పోగొట్టడమే వాళ్ల మొదటి పనట. చుట్టూ ఉన్న తల్లులు నవ్వుతూ తలూపారు. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

పుట్టుకతోనా? రెంజల్ పక్క మా ఊళ్లో, పసుపు ఉడికే వాసన ఇంకా గాలిలో ఉండగానే, బోధన్ దిక్కు నుంచి చక్కెర ఫ్యాక్టరీ తీపి కంపు ముక్కుకు తగులుతుండగానే, చెరుకు బండ్ల వెంట ఉరికి గుంజుకున్న గడలు నమిలి పెదాలు చీరుకుపోయిన మేము పొద్దంతా మా చెరుకు తోట బావిలోనే ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, మా నడుములకు ఎండు బెండ్లు కట్టి నీళ్లలోకి తోసేవాడు. ఈత వచ్చినకొద్దీ ఒక్కో బెండు విప్పేవాడు. అన్న అన్ని బెండ్లూ కట్టుకొని "బాపూ, మునుగుతున్న" అని ఒర్లుతుంటే, నేను ఒక్కటీ లేకుండా ఒడ్డు మీంచి దూకి, అడుగున ఉన్న బురద పిడికిట పట్టుకొని పైకి తేలేదాన్ని. దారిన పోయేవాళ్లను ఆపి మరీ చూపించేవాడు బాపు: "సూడుండ్రి, నా బిడ్డ శాప లెక్క పోతది!"

అట్లాంటి ఒక పసుపు కాలంలోనే నేను పెద్దమనిషినయ్యాను. చుట్టాలు ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం, నువ్వుల ముద్దలు తెచ్చి నోట్లో కుక్కారు, పాటలు పాడారు, కొత్త లంగా కట్టించారు. ఆ సంబరమంతా నాకోసమే అనుకున్నాను, పిచ్చిదాన్ని. అందరూ వెళ్లిపోయాక బావికి బయలుదేరితే అవ్వ, అమ్మను మేము అట్లాగే పిలిచేవాళ్లం, రెక్క పట్టి ఆపింది.

"ఇగ బాయిల దునుకుడు బంద్. తడి బట్టల మీద నిన్ను పదిమంది జూస్తే ఏమంటరు?"

"మరి అన్న?"

"వాడు మొగపోరడు."

బాపు దిక్కు చూశాను. పసుపు కడాయి కిందికి ఎండిన చెరకాకు ఎగదోస్తున్న ఆయన తల ఎత్తనే లేదు. అన్న బెండ్లు చంకన పెట్టుకొని బావికి పోయాడు. మునిగేవాడికి బావి, ఈత వచ్చినదానికి వంటిల్లు. అవ్వ మీద కోపం ఎప్పుడో పోయింది, ఆమెను కూడా ఎవరో అట్లాగే ఆపి ఉంటారు. బాపు పోయి ఏండ్లయింది, ఆయన మీద కోపం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఊరంతా బోర్లే. మా బావిని పూడ్చి మక్కజొన్న వేస్తున్నారు. ఫ్యాక్టరీ వాసన లేదు, బెండు అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. వాటికోసం అయ్యో అనడానికి చాలామంది ఉన్నారు, నాకు అంత తీరిక లేదు.

మొన్న అకాడమీలో, తల్లిదండ్రులకు చూపించడానికి పెట్టిన ఈత ముగించి మా బిడ్డ నీళ్లోడుతూనే, అందరి ముందునుంచీ నడిచి నా దగ్గరికి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

"అమ్మా, సార్ చెప్పింది నిజమేనా? నీక్కూడా నీళ్లంటే భయమా?"

"నాకెందుకే భయం? తడిసిన నా లంగకు ఊరంత భయపడ్డది!"

నా గొంతు ఎంత లేచిందో గాని, ఉస్తాదు కూడా ఇటు తిరిగాడు. బిడ్డ కళ్లు పెద్దవి చేసింది.

"అంటే, నీకు ఈతొస్తదా?"

వస్తదనాలో, వస్తుండె అనాలో తెలియలేదు. ఆ పసుపు కాలం తర్వాత నేను మళ్లీ నీళ్లలో దిగలేదు.