అనౌన్సరమ్మ గొంతు

బస్టాండులో టికెట్ కౌంటర్ల పైన అగ్గిపెట్టెంత గది ఒకటి ఉంది. అందులో ఒక బల్ల, మైకు, కిందికి చూడటానికి గాజు కిటికీ. బస్సుల రాకపోకలు చెప్పే అనౌన్సరమ్మ అక్కడ పొద్దస్తమానం ఒంటరిగా కూర్చుంటుంది. ఆ కుర్చీ ఖాళీ కాకూడదని రూలు. కూర్చున్న మనిషి ఏమైపోయినా రూలుకు పట్టదు.

ఆ రోజు ఆమె బల్ల కింద దుప్పటి పరిచి, జ్వరంతో ఉన్న ఐదేళ్ల కూతురిని పడుకోబెట్టింది. రోజూ పిల్లను చూసుకునే ఆయా, "మిగతా పిల్లలకి అంటుకుంటుందమ్మా" అని గుమ్మంలోంచే పంపేసింది. మొగుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. సెలవడిగితే సూపర్‌వైజరు, "రెండో షిఫ్టు ఆవిడ రాగానే వెళ్లమ్మా, ఇప్పటికిప్పుడు నేనెవర్ని తెచ్చేది?" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒళ్లు మండేదీ అందుకే.

"అమ్మా, ఇంకా ఎన్ని బస్సులు?"

"రెండే తల్లీ."

పొద్దుట్నుంచీ రెండే.

మధ్యాహ్నానికి పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. సూపర్‌వైజరు ఫోనెత్తలేదు. పిల్లనెత్తుకుని పరిగెడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె మైకు ఆన్ చేసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మీలో డాక్టరు గానీ నర్సు గానీ ఉన్నట్లయితే, దయచేసి పై గదికి రావలసిందిగా కోరుతున్నాము."

ఏళ్ల తరబడి అలవాటైన గొంతు. ఎక్కడా వణుకు లేదు, తొందర లేదు. కింద ఒక్కరూ తలెత్తలేదు. ఒకాయన ఆవులించాడు. ఇంకోసారి చెప్పింది, మళ్లీ అదే గొంతుతో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ మైకు ముందు మామూలుగా మాట్లాడటం ఎలాగో ఆమె మరిచిపోయింది, అదేం ఖర్మో!

అంతలో పిల్ల కళ్లు తేలేసింది. ఆమె మైకు అలాగే వదిలేసి బల్ల కింద కూలబడింది.

"ఒసే బంగారూ, కళ్లు తెరవవే! నా తల్లివి కదూ! అయ్యో, ఎవరైనా రండయ్యా, నా బిడ్డ..."

మైకు ఆపలేదు. బస్టాండంతా ఒక్కసారిగా తలెత్తింది.

ముందుగా మెట్లెక్కి వచ్చింది ప్లాట్‌ఫారాలు ఊడ్చే ఆవిడ, చేతిలో చీపురుతోనే. ఆమె వెనకే రొప్పుతూ ఒక నర్సు. నర్సు పిల్ల చొక్కా విప్పి తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచింది. కాసేపటికి పిల్ల మూలిగి, అమ్మ కోసం చెయ్యి చాపింది.

"గండం తప్పింది. ఇంక ఆలస్యం చెయ్యకండి, ఆస్పత్రికి పదండి" అంది నర్సు.

అనౌన్సరమ్మ పిల్లను భుజాన వేసుకుంది. కుర్చీ వైపు చూడను కూడా లేదు. గుమ్మం దగ్గర ఊడ్చే ఆవిడ ఆమెనే నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏంటమ్మా అలా చూస్తావు? జరుగు!"

ఆవిడ జరిగింది.

"ఏమనుకోకండమ్మా. ఇన్నేళ్లూ కింద వింటూనే ఉన్నా. టేపు పెట్టారనుకున్నా. ఇక్కడ మనిషుందని తెలీదు."