మిల్లు దొర లోపలికి వచ్చినప్పుడు

పేపర్లో నా నంబరు చూసుకుని మా ఊరి బస్టాండు నుంచి ఇంటిదాకా పరుగులాంటి నడకతో వచ్చాను. బి.ఏ. పాసయ్యాను. మా నేతపనివాళ్ల ఇళ్లలో అంతదాకా ఎవరూ డిగ్రీ మొహం చూడలేదు. గుమ్మంలోనే చెప్పేశాను. బాపు "మంచిది బిడ్డా" అని, మళ్లీ అన్న వైపు తిరిగాడు.

వాకిలి నిండా మూతపడ్డ నూలు మిల్లు కార్మికులు. మిల్లు ఎందుకు మునిగిందో వచ్చి చెప్పమని యజమానిని పార్లమెంటు కమిటీ కరీంనగర్ గెస్ట్‌హౌస్‌కు పిలిచిందట. కార్మికుల తరఫున ఒకరు మాట్లాడాలి. అందరి నోటా అన్న పేరే. ఆ పూట అవ్వ మిగిలిన పెరుగంతా వాడి కంచంలోనే వేసింది. పాసైంది నేను.

నేను మాట్లాడతానని బాపును అడిగాను.

"అన్న మాట్లాడుతడు. నువ్వు పక్కకు కూసోని కాయితాలు అందియ్యి."

బస్సులో దారి పొడుగునా అన్న దొరను ఎట్లా నిలదీస్తాడో చెబుతుంటే అందరూ వాడి నోరే చూశారు. వాడి జేబులో ఉన్నది నా పెన్ను. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

గెస్ట్‌హౌస్ హాల్లోకి యజమాని వచ్చాడు. నిలదీయడానికి వచ్చినవాళ్లంతా ఒక్కసారే లేచారు. బాపు భుజమ్మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. అన్న చెప్పులు విడిచి, "దండం దొరా" అన్నాడు. రోజూ మిల్లు గేటు దగ్గర పెట్టిన దండమే అది. నేను లేవలేదు. ధైర్యంతో కాదు, అలకతో.

కమిటీలో తెలుగాయన ఒకరు నా వైపు చూశారు. బాపు కంగారుపడ్డాడు. "మా బిడ్డ సార్. డిగ్రీ పాసైంది. గందుకే జర... ఏమనుకోకుండ్రి."

నా కబురు బాపు నోట మొదటిసారి వినడం అప్పుడే. అదీ క్షమాపణలా.

మిల్లు ఎందుకు మూతపడిందని ఆయన అన్నను అడిగారు. అన్న చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. "దొరకే ఎర్క సార్."

ఆయన నా వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. పత్తి ఉండగానే మిషన్లు ఆపించిన సంగతితో మొదలుపెట్టాను. దొర చూపు నా మీద నుంచి కదల్లేదు.

మిల్లు మళ్లీ తెరుచుకోలేదు. తిరుగు బస్సులో మాత్రం బి.ఏ. అంటే ఏమిటో బాపు పక్క సీటాయనకు చెబుతూనే ఉన్నాడు. అన్న పెన్ను తీసి నా ఒళ్లో పడేసి, కిటికీ వైపు తిరిగాడు.