తెరక్క

“...పల్లవి దాటినా తెర మార్చకపోతే జనం నీ మొహం చూసి పాడతారా అక్కా?” చర్చిలో ఆరాధన అయ్యాక గిటారు వాయించే తమ్ముడు నిలదీశాడు. ఆమె ఆఫీసులో టైపిస్టు. టైపు వచ్చుగదా అని ఆరేళ్ల కిందట చర్చిలో పాటల మాటలు తెరమీద వేసే పని అంటగట్టారు. అప్పటినుంచీ అందరికీ తెరక్కే. హాలు చివర, మెడ చాచి, వేలు కంప్యూటరు మీటమీదే ఉంచి కూర్చుంటుంది. జనం ఒక పంక్తిలో ఉంటే తను తర్వాతి పంక్తిలో ఉండాలి కనుక ఏ పాటా నోరారా పాడింది లేదు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కూడా చేతులు కలిపి పాడుతుంటే, ఆ వీపులకేసి చూస్తూ పెదవులు కదిపేది. ఇవాళ తన అమ్మ పాడుకునే పాట వచ్చింది. కళ్లు మూసుకుని గొంతెత్తింది. హాలంతా ఒకే పంక్తిని మూడుసార్లు పాడింది.

“తప్పు నాదే తమ్ముడూ,” అంది, కుర్చీ వెనక్కి జరుపుతూ. “ఈ పనికి ఇంకెవరినైనా చూసుకో. వచ్చే వారం నుంచి నేను జనంలో కూర్చుంటా.”