ఆంటీ తులసికి వెల్లుల్లి కషాయం

చదివిన ప్రతిదాన్నీ ఎవరిమీదో ఒకరిమీద ప్రయోగించి చూస్తే తప్ప నిద్రపట్టని వయసొకటి ఉంటుంది. నాకా వయసు ఢిల్లీ ద్వారకలో గడిచింది. భీమవరం నుంచి వచ్చి ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరి, ఒక తెలుగు ఆంటీ ఇంట్లో వెనకగది అద్దెకు తీసుకున్న రోజులవి. డ్యూటీ లేనప్పుడల్లా లైబ్రరీలో కూర్చుని తేనెటీగల పెంపకం మొదలుకొని ఓడల నిర్మాణం దాకా చేతికందిందల్లా చదివేదాన్ని (రెండూ ఇంతవరకు ఉపయోగపడలేదు).

ఆ కార్తీకంలో ఆంటీ బాల్కనీలోని తులసికి పిండినల్లి పట్టింది. కాండం నిండా దూదిలాంటి తెల్లటి పురుగులు, ముడుచుకుపోయిన ఆకులు. క్షీరాబ్ది ద్వాదశి దగ్గరపడుతోంది. ఆ సాయంత్రం తులసికి పెళ్లి చేస్తారట, సొసైటీలోని తెలుగువాళ్లంతా వస్తారట. నర్సరీ నుంచి ఇంకోటి తెచ్చుకోవచ్చు కదా అన్నాను.

"పెళ్లికూతురికి జ్వరమొస్తే పెళ్లికూతుర్నే మార్చేస్తామా నర్సమ్మా?" అంది ఆంటీ. అని, నవ్వలేదు.

ఆ ఆకులే తీర్థంలో వేస్తారు గనక పురుగుమందు మాటెత్తడానికి లేదు. వెంటనే లైబ్రరీకి పరిగెత్తి సహజ పద్ధతుల పుస్తకం పట్టుకున్నాను. మొదటి పేజీలోనే నీళ్లు ధారగా కొట్టి, ఆకుల అడుగున శుభ్రంగా తుడవమని ఉంది. అది మరీ మామూలుగా అనిపించి (చదువుకున్నదాన్ని కదా) దాటేసి, వెల్లుల్లి, పచ్చిమిర్చి కషాయం దగ్గర ఆగాను. ఆంటీ గుడికి వెళ్లినప్పుడు వంటింట్లో వెతికితే ఒక్క వెల్లుల్లి రెబ్బ కూడా దొరకలేదు. ఎందుకు లేదో ఆలోచించకుండా మార్కెట్‌కి వెళ్లి తెచ్చి, దంచి, వడగట్టి, మొక్కనంతా తడిపేశాను.

కాలేజీ నుంచి వచ్చిన ఆంటీ కూతురు గాలి పీల్చి, "దీదీ, గార్లిక్ బ్రెడ్ మంగాయా క్యా?" అని, తెప్పించానేమోనని ఆశగా అడిగింది. ఆ వెనకే వచ్చిన ఆంటీ వాసన పట్టుకుని నేరుగా బాల్కనీలోకి వెళ్లి నిలబడిపోయింది.

"కార్తీకమంతా మా ఇంట్లో వెల్లుల్లి ముట్టుకోం. నువ్వు ఏకంగా తులసమ్మకే అభిషేకం చేశావా తల్లీ."

ఆదివారాలు చర్చికి వెళ్లే నాకు ఆ నియమం తెలియదు (పుస్తకంలోనూ లేదు). గది ఖాళీ చేయమంటుందనుకున్నాను. ఆవిడ మాత్రం వాసన పోయేదాకా రోజూ పొద్దున్నే నేనే దానికి స్నానం చేయించాలని తీర్పు చెప్పింది. ఢిల్లీ చలిలో మగ్గుతో నీళ్లు కొడుతూ ఆకు ఆకూ రెండువైపులా కడిగాను, గుడ్డతో కాండం తుడిచాను. వాసన పోయింది. పిండినల్లీ పోయింది. చిగుళ్లు కనిపించాక గాని, నేను దాటేసిన మొదటి పేజీనే వణుకుతూ పాటించానని వెలగలేదు.

ద్వాదశి సాయంత్రం తులసి పక్కన పెళ్లికొడుకుగా ఉసిరికొమ్మ గుచ్చి దీపాలు పెట్టారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోతే, "అక్కడే నిలబడ్డావేం? ఇన్నాళ్లూ నీళ్లు పోసినదానివి, ముందుకు రా" అని పిలిచింది ఆంటీ. ఏం మందు వేశారని ఎవరో అడిగితే, "మా నర్సమ్మ చూసుకుంది" అంది. పిండినల్లి మీద ఉపన్యాసమంతా సిద్ధం చేసుకుని వచ్చిన నేను, అదంతా మరిచిపోయి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. ఇప్పుడు నేను ఎవరింటి మొక్కనైనా ముట్టుకునే ముందు అడుగుతాను. బుద్ధి వచ్చినట్టే. ఆనాటి ధీమా మాత్రం మళ్లీ రాలేదు.