చెల్లెల్ని ఏడిపించిన డ్రాగన్

ఈ రోజు పూజలో ఉండగా మా చిన్న చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది.

"అక్కా, డ్రాగన్ సచ్చిపాయ!"

చేతిలో హారతి పళ్ళెం కింద పెట్టేశాను. ఈ ఏడు వేరుశనగ మానేసి, బెళుగుప్ప దగ్గరున్న రెండెకరాల్లో డ్రాగన్ పండు మొక్కలు పెట్టాం. బోరులో నీళ్ళు తగ్గిపోతున్నాయి. తోట చూసుకునేది చెల్లెలే.

"ఎన్ని పోయినాయే?"

"ఒకటే అక్కా. ఫిరంగి గుండు తగిలె."

"మన తోటలో ఫిరంగి యాడిదే?"

"తోటకేమి, బాగుండాది. నేను చెప్తాండేది నవల్లో డ్రాగన్!"

నెపోలియన్ కాలపు యుద్ధంలో డ్రాగన్ల మీద ఎగురుతూ పోరాడే సిపాయిల కథ చదువుతోందట.

తిట్టలేదు, దేవుడి ముందు ఉన్నాను కదా. తోట కోసం దండం పెట్టుకుని, పోయిన ఆ డ్రాగన్ కోసమూ ఒకటి పెట్టాను. మీరైతే తిట్టేవాళ్ళా, దండం పెట్టేవాళ్ళా?